ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైల్ హ్యాండిల్ ఊహకు అందకుండా చేయాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. ఎనిమిది లైనక్స్ కంప్యూటర్లు, మూలన ఒక సర్వర్, అందులో ఒకటే డిస్కు. ఖాతాదారుల పాన్ కార్డులు, జీఎస్‌టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు స్కాన్ చేసి ‘స్కాన్స్’ అనే ఫోల్డర్‌లో పెడతారు. ఆ ఫోల్డర్ ఒక్కదాన్నే ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (సర్వర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద వేరే కంప్యూటర్లకు పంచే పద్ధతి) అందరికీ పంచారు. జీతాల లెక్కలు, పాత బ్యాకప్‌లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలు కూడా అదే డిస్కు మీద ఉన్నాయి. వాటిని పంచలేదు కాబట్టి బయటివాళ్లకు అందవని ఆఫీసువాళ్ల నమ్మకం.

ఆ నమ్మకానికి ఆధారం లేదు. ‘స్కాన్స్’ను మౌంట్ చేసుకునే (తన కంప్యూటర్‌కు తగిలించుకునే) వీలున్న మనిషి, సరైన ఫైల్ హ్యాండిల్‌ను (ఏ ఫైలు కావాలో సర్వర్‌కు చెప్పే గుర్తు) సొంతంగా తయారు చేసుకోగలిగితే, అదే డిస్కు మీదున్న మిగతా ఫోల్డర్లలోకీ వెళ్లిపోగలడు. మరి ఆ హ్యాండిల్‌ను ఊహించడం ఎంత కష్టం, దాన్ని ఇంకా కష్టం చేయడానికి ఏమేం దారులున్నాయి, వాటిలో మీ చోటికి ఏది నప్పుతుంది అన్నదే ఇక్కడి విషయం.

## హ్యాండిల్‌లో ఏముంటుంది

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో కంప్యూటర్ సర్వర్‌ను ఫైలు అడిగేటప్పుడు పేరు చెప్పదు, హ్యాండిల్ అనే చిన్న బైట్ల మూట చూపిస్తుంది. రెండో వెర్షన్‌లో ఆ మూట సరిగ్గా 32 బైట్లు. మూడో వెర్షన్‌లో 64 దాకా, నాలుగో వెర్షన్‌లో 128 దాకా ఉండొచ్చు. మూట విప్పి చూస్తే ముఖ్యంగా మూడు కనిపిస్తాయి: ఏ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే విడి గూడు) అన్న గుర్తు, ఐనోడ్ నంబరు (ఆ గూట్లో ఒక్కో ఫైలుకూ ఉండే నమోదు సంఖ్య), జనరేషన్ నంబరు.

జనరేషన్ నంబరు పుట్టింది భద్రత కోసం కాదు. ఒక ఫైలు చెరిపేశాక దాని ఐనోడ్‌ను సర్వర్ ఇంకో కొత్త ఫైలుకు ఇస్తుంది. పాత హ్యాండిల్ పట్టుకున్నవాళ్లకు పొరపాటున కొత్త ఫైలు తెరుచుకోకూడదు గనక, ఐనోడ్ చేతులు మారినప్పుడల్లా ఈ నంబరు మారుతుంది. పాత నంబరుతో వచ్చినవాళ్లకు ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అన్న తప్పు వెళ్తుంది. మూడింటిలో గుట్టుగా ఉండే అవకాశమున్నది ఇదొక్కటే కావడంతో, తర్వాత కాలంలో భద్రత బరువంతా దీని మీదే పడింది.

మిగతా రెండూ ఎందుకు గుట్టు కావంటే, ఫైల్ సిస్టమ్ గుర్తు మామూలుగా దాని యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ చేసినప్పుడు దానికి పడే ప్రత్యేక సంఖ్య) నుంచి వస్తుంది. ఒక్కసారి మౌంట్ చేసుకున్న ప్రతి కంప్యూటర్‌కూ అది తెలిసిపోతుంది. ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో (ఏ ఫోల్డర్‌ను ఎవరికి పంచాలో సర్వర్‌కు చెప్పే ఫైలు) మీరే చేత్తో ఆ గుర్తును ఎఫ్‌ఎస్‌ఐడీ 1 అనో 2 అనో రాసి ఉంటే ఇక చెప్పేదేముంది. ఐనోడ్ నంబరు కూడా అంతే. ఎక్స్‌ట్4, యూఎఫ్‌ఎస్ అనే రెండు ఫైల్ సిస్టమ్ రకాల్లోనూ అన్నిటికంటే పై ఫోల్డర్‌ది ఎప్పుడూ 2.

ఇక మిగిలింది 32 బిట్ల జనరేషన్ నంబరు, అంటే 429,49,67,296 అవకాశాలు. చూడ్డానికి పెద్ద అంకే. సెకనుకు 10,000 హ్యాండిళ్లు పంపితే మొత్తం ఐదు రోజుల్లో అయిపోతాయి, సగటున రెండున్నర రోజుల్లో దొరుకుతుంది. సెకనుకు 50,000 పంపగలిగితే ఒక రోజు చాలు. ఏటీఎంలో పిన్ మూడుసార్లు తప్పు కొడితే కార్డు ఆగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో అలాంటి ఏర్పాటు లేదు, ఎన్నిసార్లు తప్పు చెప్పినా సర్వర్ ఓపిగ్గా జవాబిస్తూనే ఉంటుంది. దసరా సెలవులకు ఆఫీసు నాలుగు రోజులు మూసి ఉంటే ఆ గడువు సరిపోతుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, పంచిన ఫోల్డర్ ఏ ఫైల్ సిస్టమ్ మీద ఉందో చూడండి. సర్వర్‌లో ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌ను మైనస్ పెద్ద టీ ఆప్షన్‌తో ఆ ఫోల్డర్ దారి ఇచ్చి నడపండి. జవాబులో టార్గెట్ కింద ఒక్క స్లాష్ మాత్రమే కనబడితే మీ ఫోల్డరూ ఆపరేటింగ్ సిస్టమూ ఒకే గూట్లో ఉన్నట్టు. ఈ వ్యాసం ముఖ్యంగా అలాంటి సర్వర్ల కోసమే.

రెండోది, ఆ ఫైల్ సిస్టమ్ రకం. ఇదెందుకు ముఖ్యమో కింద తెలుస్తుంది.

మూడోది, తీగ మీద ఎవరెవరున్నారు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్ వైఫై, సర్వర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండి, వైఫై పాస్‌వర్డ్ రిసెప్షన్ గోడ మీద అంటించి ఉంటే, వచ్చిపోయే ప్రతి ఖాతాదారుడూ మీ సర్వర్‌కు పక్కింటివాడే.

నాలుగోది, సర్వర్‌ను ఎంతసేపు ఆపగలరు. ఐదోది, దీన్ని రోజూ ఎవరు చూసుకుంటారు. నెలకోసారి వచ్చిపోయే టెక్నీషియన్ మీద ఆధారపడే ఆఫీసుకు కెర్బెరోస్ (అడిగేవాళ్లెవరో తేల్చే లాగిన్ వ్యవస్థ) అంటగడితే మొదటి వారంలోనే పని ఆగిపోతుంది.

## మొదటి దారి: జనరేషన్ నంబర్లను చిందరవందర చేయడం

పాత పద్ధతి ఇదే. సన్ఓఎస్ కాలం నుంచీ ఎఫ్‌ఎస్‌ఐ‌ర్యాండ్ అనే పనిముట్టు ఉంది. అది ఫైల్ సిస్టమ్‌లోని ప్రతి ఐనోడ్‌కూ యాదృచ్ఛికంగా ఒక జనరేషన్ నంబరు రాస్తుంది. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ వాడేవాళ్లకు తెలిసిందే. ఇప్పుడు న్యూఎఫ్‌ఎస్ కమాండే కొత్త ఫైల్ సిస్టమ్ చేసేటప్పుడు ఆ పని చేసేస్తుంది కాబట్టి, దీని అవసరం చాలా పాత యూఎఫ్‌ఎస్ డిస్కులకే.

వాడే క్రమం: ముందు బ్యాకప్. తర్వాత ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేయాలి. ఎఫ్‌ఎస్‌సీకేతో తనిఖీ చేసి శుభ్రంగా ఉందని తేలాలి. అప్పుడు ఎఫ్‌ఎస్‌ఐ‌ర్యాండ్‌కు డివైస్ పేరు ఇచ్చి నడపాలి. మైనస్ పీ ఆప్షన్ ఇస్తే ఏమీ మార్చకుండా ఉన్న నంబర్లను చూపిస్తుంది, ముందూ వెనకా ఒకసారి చూసుకుంటే మంచిది. ఫైల్ సిస్టమ్ శుభ్రంగా లేకపోయినా బలవంతంగా నడిపే మైనస్ ఎఫ్ జోలికి వెళ్లకండి. పని అయ్యాక పాత హ్యాండిళ్లన్నీ చెల్లవు. మౌంట్ చేసి ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ‘స్టేల్’ తప్పు వస్తుంది, ఒక్కోదాన్నీ అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయాల్సిందే. అందుకే ఈ పని ఆఫీసు వేళల్లో పెట్టుకోకూడదు.

లైనక్స్ ఎక్స్‌ట్4 సంగతి వేరు, ఇక్కడే చాలామంది మోసపోతారు. కొత్తగా పుట్టే ప్రతి ఫైలుకూ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) యాదృచ్ఛిక జనరేషన్ నంబరే ఇస్తుంది. ఎల్‌ఎస్‌ఎట్ర్ (lsattr) మైనస్ వీ కొడితే ఆ నంబర్లు కనబడతాయి కూడా. అది చూసి ‘మనది గట్టిగానే ఉంది’ అనుకుంటారు. కానీ హ్యాండిల్‌లో జనరేషన్ నంబరు సున్నా అని వస్తే దేన్నైనా ఒప్పుకోవాలని ఎక్స్‌ట్4 కోడ్‌లోనే రాసి ఉంది. పై ఫోల్డర్ జనరేషన్ నంబరు తెలియని సందర్భాల కోసం పెట్టిన వెసులుబాటు అది. దాంతో ఊహించే పని మొత్తం తప్పిపోతుంది. 429 కోట్ల అవకాశాలు వెతకక్కర్లేదు, సున్నా పెడితే సరి. ఛాట్ర్ (chattr) మైనస్ వీతో నంబరు మార్చబోయినా, మెటాడేటా చెక్‌సమ్ (ఫైలు వివరాలు చెడిపోలేదని సరిచూసే అంకె) ఉన్న ఫైల్ సిస్టమ్‌లో కెర్నల్ ఒప్పుకోదు, ఎందుకంటే ఆ చెక్‌సమ్ లెక్కలో జనరేషన్ నంబరు కూడా కలిసి ఉంటుంది. కాబట్టి ఎక్స్‌ట్4 వాడేవాళ్లు ఈ దారి మీద ఒక్క గంట కూడా ఖర్చు పెట్టొద్దు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ రకం ఇందులో నిక్కచ్చి. నంబరు యాదృచ్ఛికంగా ఇస్తుంది, వచ్చిన నంబరు అచ్చంగా సరిపోకపోతే తిప్పి పంపేస్తుంది. అక్కడ పైన చెప్పిన రోజుల లెక్క వర్తిస్తుంది.

ఈ దారికి ఇంకో పరిమితి ఉంది. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో హ్యాండిళ్లు తీగ మీద తెరిచిన ఉత్తరంలా వెళ్తాయి. వినగలిగినవాడికి ఊహించే అవసరమే లేదు.

## రెండో దారి: సబ్‌ట్రీ చెక్

ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో సబ్‌ట్రీ చెక్ అని రాస్తే, వచ్చిన హ్యాండిల్ నిజంగా పంచిన ఫోల్డర్ కిందిదేనా అని సర్వర్ ప్రతిసారీ చూస్తుంది. దొంగ హ్యాండిల్‌కు ఇది సూటి జవాబే. ఐదు నిమిషాల పని. ఒక మాట మార్చి ఎక్స్‌పోర్ట్ఎఫ్‌ఎస్ మైనస్ ఆర్ఏ కొడితే అమల్లోకి వస్తుంది, కంప్యూటర్లు మాత్రం ఒకసారి మళ్లీ మౌంట్ చేసుకుంటే మంచిది.

మరి అందరూ ఎందుకు వాడరు? ఇది పనిచేయాలంటే హ్యాండిల్‌లో పై ఫోల్డర్ సమాచారం కూడా కలపాలి. ఒకరు ఫైలు తెరిచి పనిచేస్తుండగా ఇంకొకరు దాన్ని వేరే ఫోల్డర్‌కు మార్చారా, మొదటివారి హ్యాండిల్ చెల్లకుండా పోతుంది. ఆడిటర్ ఆఫీసులో ‘పెండింగ్’ నుంచి ‘ఫైల్ చేసినవి’కి రోజంతా ఫైళ్లు మారుతూనే ఉంటాయి. సెప్టెంబరు చివర గడువు దగ్గరపడ్డప్పుడు ఈ తప్పులు మొదలైతే జనం సర్వర్‌ను తిట్టుకుంటారు, టెక్నీషియన్ వచ్చి ఆ ఆప్షన్ తీసేసి వెళ్తాడు. ఎన్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ 1.1.0 నుంచి నో సబ్‌ట్రీ చెక్‌నే మామూలు అమరికగా పెట్టడానికి కారణం కూడా ఈ చిక్కులే.

ఎక్కువగా చదవడానికే వాడే ఫోల్డర్లకు మాత్రం ఇది బాగా నప్పుతుంది: ఇన్‌స్టలేషన్ ఫైళ్లు, పాత సంవత్సరాల ఆర్కైవ్, కాలేజీ ల్యాబ్‌లో పాఠాల పీడీఎఫ్‌లు.

## మూడో దారి: పంచే ఫోల్డర్‌కు సొంత ఫైల్ సిస్టమ్

నా తూకంలో చాలామందికి ఇదే సరైనది. హ్యాండిల్ ఎంత చక్కగా తయారు చేసినా అది ఫైల్ సిస్టమ్ గట్టు దాటలేదు. గట్టు లోపల పంచిన ఫైళ్లు తప్ప ఇంకేమీ లేకపోతే, ఊహించి సాధించేదీ ఉండదు.

బ్రాడీపేట ఆఫీసుకే లెక్క వేద్దాం. స్కాన్లు 400 జీబీ. సర్వర్‌లో ఎల్‌వీఎం (డిస్కును కావాల్సిన సైజు వాల్యూమ్‌లుగా కోసుకునే ఏర్పాటు) ఉండి ఖాళీ ఉంటే 500 జీబీ వాల్యూమ్ ఒకటి కోసి, ఫైల్ సిస్టమ్ చేసి తాత్కాలికంగా ఒక చోట మౌంట్ చేయాలి. మొదటి కాపీ జనం పనిచేస్తుండగానే ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టుతో చేయొచ్చు. పర్మిషన్లు, హార్డ్ లింకులు, ఏసీఎల్‌లు (ఎవరికెంత అనుమతో చెప్పే అదనపు జాబితాలు) పోకుండా చిన్న ఏ, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్ ఆప్షన్లు నాలుగూ ఇవ్వాలి. సెకనుకు 100 ఎంబీ చొప్పున 400 జీబీకి గంటా పది నిమిషాలు. స్కాన్ కాపీల్లాంటి లక్షల చిన్న ఫైళ్లకు అంతకు రెండు మూడు రెట్లు పట్టొచ్చు. సాయంత్రం అందరూ వెళ్లాక ఎక్స్‌పోర్ట్ ఆపి, డిలీట్ ఆప్షన్ చేర్చి ఆర్‌సింక్ రెండోసారి నడిపితే మధ్యలో మారినవి మాత్రమే వస్తాయి, అది నిమిషాల పని. పాత ఫోల్డర్ పేరు మార్చి పక్కన ఉంచి, కొత్త వాల్యూమ్‌ను అదే పేరు మీద మౌంట్ చేయండి. ఎఫ్‌స్టాబ్‌లో (సర్వర్ లేచినప్పుడు ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) నోడెవ్, నోసూయిడ్ కూడా రాయండి. చివరగా అన్ని కంప్యూటర్లూ మళ్లీ మౌంట్ కావాలి.

ఎల్‌వీఎం లేని పాత సర్వర్ అయితే, పెద్ద ఫైలు ఒకటి సృష్టించి దాని లోపల ఫైల్ సిస్టమ్ చేసి లూప్ మౌంట్ చేయొచ్చు. అదీ సొంత గట్టే.

గట్టులా కనిపించి గట్టు కానివి కొన్ని ఉన్నాయి, జాగ్రత్త. బైండ్ మౌంట్ గట్టు కాదు, అది పాత ఫైల్ సిస్టమ్‌కే ఇంకో తలుపు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్‌ను కూడా గట్టుగా లెక్కపెట్టొద్దు. జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాసెట్ మాత్రం విడి ఫైల్ సిస్టమే.

దీనివల్ల పడే ఇబ్బంది స్థలం. ఒక వాల్యూమ్‌లో నిండిపోయి, ఇంకో దాంట్లో ఖాళీ మిగలొచ్చు. ఎల్‌వీఎం ఉంటే నడుస్తుండగానే పెంచుకోవచ్చు. తగ్గించడం కష్టం, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లోనైతే తగ్గించబోకండి. అందుకే మొదట్లో కావాల్సిన దానికంటే పాతిక శాతం మాత్రమే ఎక్కువ ఇచ్చి, మిగతాది వాల్యూమ్ గ్రూపులో ఖాళీగా ఉంచండి.

## నాలుగో దారి: అడిగేవాళ్లెవరో తేల్చుకోవడం

మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో నేను ఫలానా యూజర్‌ను అని కంప్యూటర్ చెప్పిందే సర్వర్‌కు వేదం. రూట్ స్క్వాష్ (క్లయింట్ రూట్‌ను సర్వర్ అధికారం లేని యూజర్‌గా చూసే ఆప్షన్) ఉన్నా అది సున్నా నంబరు యూజర్‌నూ గ్రూపునూ మాత్రమే ఆపుతుంది. డెబియన్, ఉబుంటులలో షాడో ఫైలును 42వ నంబరు గ్రూపు చదవగలదు, ఆ నంబరు చెప్పుకుని వచ్చినవాణ్ని రూట్ స్క్వాష్ ఏమీ అనదు.

కెర్బెరోస్ పెడితే ఈ దొంగ పేర్లు చెల్లవు. కేఆర్‌బీ5 అంటే ఎవరో తేల్చడం వరకే, కేఆర్‌బీ5ఐ అంటే దారిలో మార్చకుండా, కేఆర్‌బీ5పీ అంటే దారిలో చదవకుండా కూడా. హ్యాండిల్ వినే దారి మూసుకునేది కేఆర్‌బీ5పీతోనే, దాని భారం ప్రాసెసర్ మీద పడుతుంది. నిర్వహణ భారం అంతకంటే ఎక్కువ: డీఎన్‌ఎస్ ముందుకీ వెనక్కీ (పేరు నుంచి ఐపీకి, ఐపీ నుంచి పేరుకు) సరిపోవాలి, ప్రతి యంత్రానికీ కీట్యాబ్ (దాని రహస్య తాళం ఉండే ఫైలు) ఉండాలి, గడియారాలు ఐదు నిమిషాల తేడా దాటకూడదు. మే నెలలో కరెంటు పోయి వచ్చాక, మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిన కంప్యూటర్ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. ఆ రోజు ఆ కంప్యూటర్‌కు ఫైళ్లు తెరుచుకోవు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. టైమ్ సింక్ చేసే క్రోనీ ప్రతి యంత్రంలోనూ నడవాలి, చచ్చిన బ్యాటరీలు మార్చాలి.

టీఎల్‌ఎస్ (తీగ మీద వెళ్లేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) దీనికంటే తేలిక. లైనక్స్‌లో సర్వర్ వైపు 6.4 కెర్నల్ నుంచి, క్లయింట్ వైపు 6.5 నుంచి ఉంది. ఉబుంటు 24.04, డెబియన్ 13లలో ఆ కెర్నళ్లు ఉన్నాయి, డెబియన్ 12లో లేవు. రెండు వైపులా సర్టిఫికెట్ అడిగే ఎంటీఎల్‌ఎస్ రకం పెడితే, మీరు సర్టిఫికెట్ ఇచ్చిన యంత్రాలు తప్ప వేరే ల్యాప్‌టాప్ ఏదీ లోపలికి రాలేదు. కానీ లోపలికి వచ్చిన యంత్రం చెప్పే యూజర్ నంబరును మాత్రం సర్వర్ ఇంకా నమ్ముతూనే ఉంటుంది.

ఏది పెట్టినా, లోపలి ఉద్యోగి హ్యాండిల్ తయారు చేస్తే తన పర్మిషన్ మేరకు గట్టు లోపలంతా తిరగగలడు. అందరూ చదవగలిగేలా వదిలేసిన బ్యాకప్ ఫైలు అతనికి అందుతుంది. కాబట్టి ఇది మూడో దారికి తోడు, దాని బదులు కాదు.

## ఫైర్‌వాల్, వెర్షన్ మార్పు, ఎస్‌ఎంబీ

2049 పోర్టును కావాల్సిన ఐపీలకే తెరవడం తప్పనిసరి. అయితే అదే స్విచ్ మీదున్న ల్యాప్‌టాప్ ఐపీ మార్చుకోవడం నిమిషం పని. వైఫైని వేరే వీల్యాన్‌లోకి (స్విచ్‌లోనే విడదీసిన నెట్‌వర్క్) తోస్తేనే ఫైర్‌వాల్‌కు అర్థం. సెక్యూర్ అనే ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ 1024 లోపు పోర్టులనే ఒప్పుకుంటుంది, సొంత ల్యాప్‌టాప్‌లో రూట్ ఉన్నవాడికి అది అడ్డే కాదు. నాలుగో వెర్షన్ మాత్రమే ఉంచితే 111, మౌంట్‌డీ పోర్టులు మూసేయొచ్చు, మంచిదే, కానీ దొంగ హ్యాండిల్‌ను అదీ ఆపదు.

కంప్యూటర్లలో సగానికి పైగా విండోస్ అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ మానేసి ఎస్‌ఎంబీకి (విండోస్ సొంత ఫైల్ షేరింగ్ పద్ధతి) వెళ్లండి. అక్కడ ఫైలు గుర్తు లాగిన్ అయిన సెషన్‌లో, ఫైలు తెరిచినప్పుడే పుడుతుంది, ఊహించి తెచ్చుకునే వస్తువు కాదు.

| దారి | దొంగ హ్యాండిల్‌ను ఆపుతుందా | వినడాన్ని ఆపుతుందా | పని ఆగే సమయం | రోజువారీ బాధ |
|---|---|---|---|---|
| జనరేషన్ నంబర్లు, యూఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్ | ఆలస్యం చేస్తుంది | లేదు | పాత యూఎఫ్‌ఎస్‌కు ఒక పూట | లేదు |
| జనరేషన్ నంబర్లు, ఎక్స్‌ట్4 | లేదు | లేదు | – | – |
| సబ్‌ట్రీ చెక్ | అవును | లేదు | నిమిషాలు | ఫైళ్లు మారే చోట ఎక్కువ |
| సొంత ఫైల్ సిస్టమ్ | గట్టు దాటనివ్వదు | లేదు | ఒక సాయంత్రం | స్థలం చూసుకోవడం |
| కేఆర్‌బీ5పీ | దొంగ పేరును ఆపుతుంది | అవును | రెండు మూడు రోజుల ఏర్పాటు | ఎక్కువ |
| ఎంటీఎల్‌ఎస్ | బయటి యంత్రాన్ని ఆపుతుంది | అవును | ఒక రోజు | సర్టిఫికెట్ గడువులు |
| ఎస్‌ఎంబీకి మారడం | ఈ సమస్యే ఉండదు | ఎన్‌క్రిప్షన్ పెడితే | ఒక రోజు | తక్కువ |

## ఎవరికి ఏది

ఆడిటర్, లాయర్, డాక్టర్ ఆఫీసులు, పది కంప్యూటర్ల లోపు. సొంత ఫైల్ సిస్టమ్, వైఫైకి వేరే వీల్యాన్. ఈ రెండూ ఒకే శనివారం సాయంత్రం అయిపోతాయి. కెర్నల్ కొత్తదైతే వచ్చే ఏడాది ఎంటీఎల్‌ఎస్ చేర్చుకోవచ్చు.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులు. ఇక్కడ ఎదుటివాడు బయటి దొంగ కాదు, తెలివైన కుర్రాడు, చేతిలో బోలెడంత తీరిక. విద్యార్థుల హోమ్ ఫోల్డర్లకు ఒక ఫైల్ సిస్టమ్, పరీక్ష పేపర్లకు అసలు ఎక్స్‌పోర్ట్ కాని ఇంకో యంత్రం. పూర్తికాలం అడ్మిన్ ఉన్నాడు కాబట్టి కెర్బెరోస్ పెట్టొచ్చు, పెట్టాలి కూడా. పాఠాల ఫోల్డర్‌కు చదవడం మాత్రమే, సబ్‌ట్రీ చెక్‌తో.

విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలు. వేగమే ప్రాణం, 10 గిగాబిట్ తీగలో కేఆర్‌బీ5పీ భారం మోయలేరు. స్టోరేజీకీ ఎడిటింగ్ యంత్రాలకూ మధ్య ఇంకేమీ తగలని విడి స్విచ్ పెట్టి, ఫుటేజీని ఎక్స్‌ఎఫ్‌ఎస్ చేసిన విడి వాల్యూమ్‌లో ఉంచండి. లెక్కల కంప్యూటర్ ఆ స్విచ్‌కు తగలకూడదు.

మిర్చి యార్డు కమిషన్ దుకాణాలు, కొనుక్కున్న ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ స్టోరేజీ) పెట్టెతో. తక్‌పట్టీల (సరుకు అమ్మకపు లెక్క చీటీల) స్కాన్లు, రైతుల బ్యాంకు వివరాలు అందులోనే ఉంటాయి. పెట్టె లోపల జనరేషన్ నంబర్లు మీ చేతిలో ఉండవు. ఫోల్డర్లన్నీ ఒకే వాల్యూమ్ మీద ఉండే అవకాశమే ఎక్కువ. ఎన్‌ఎఫ్‌ఎస్ టిక్కు తీసేసి ఎస్‌ఎంబీ ఉంచండి. ఏదైనా కెమెరా రికార్డర్‌కు ఎన్‌ఎఫ్‌ఎస్ తప్పనిసరి అయితే దానికి విడిగా వాల్యూమ్ చేసి, ఆ ఒక్క ఐపీకే ఇవ్వండి.

## చేశాక చూసుకోవాల్సినవి

ఎక్స్‌పోర్ట్ఎఫ్‌ఎస్ మైనస్ వీ కొట్టి, మీరు రాసిందే అమల్లో ఉందా చూడండి. ఐపీ బదులు <world> అని కనబడితే వెంటనే మార్చండి. క్రాస్‌మౌంట్ అని ఉంటే, కింద మౌంటైన వేరే ఫైల్ సిస్టమ్‌లు కూడా బయటకు వెళ్తున్నట్టు. అక్కర్లేకపోతే తీసేయండి.

ప్రాక్ కింద నెట్, ఆర్‌పీసీ ఫోల్డర్లలో ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ అనే ఫైలు ఉంటుంది. అందులో ఎఫ్‌హెచ్ అని మొదలయ్యే వరసలో మొదటి అంకె సర్వర్ తిప్పి పంపిన స్టేల్ హ్యాండిళ్ల లెక్క. మామూలు ఆఫీసులో అది రోజుల తరబడి దాదాపు కదలదు. రాత్రికి రాత్రి వేలు, లక్షలు పెరిగిందంటే ఎవరో హ్యాండిళ్లు ఊహిస్తున్నట్టే. ఆ అంకెను గంటకోసారి రాసిపెట్టే చిన్న క్రాన్ పని (వేళకు తనంతట తానే నడిచేది) పెట్టుకోండి. ఎక్స్‌ట్4లో సున్నా పెట్టి వచ్చినవాడు ఈ లెక్కలో పడడు, అదొకటి గుర్తుంచుకోండి.

సొంత వాల్యూమ్ పెట్టినవాళ్లు ఎక్స్‌పోర్ట్స్ వరసలో మౌంట్‌పాయింట్ అన్న ఆప్షన్ తప్పకుండా చేర్చాలి. కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేచినప్పుడు ఆ వాల్యూమ్ మౌంట్ కాలేదనుకోండి. ఈ ఆప్షన్ లేకపోతే సర్వర్ అదే పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్‌ను పంచేస్తుంది, అది ఉండేది మళ్లీ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్ సిస్టమ్ మీదే. ఆప్షన్ ఉంటే వాల్యూమ్ నిజంగా మౌంటయ్యేదాకా ఏమీ పంచదు. ఉదయం ఫోల్డర్ కనబడటం లేదని ఫోన్ వస్తుంది, వాల్యూమ్ మౌంట్ చేసి ఎక్స్‌పోర్ట్ఎఫ్‌ఎస్ మైనస్ ఆర్ఏ కొడితే అయిపోతుంది.